పావులూరి మల్లన – చదరంగం గళ్ల లెక్క

పిల్లలూ! ఇక్కడ మస్కట్ బడుల్లో మీరు లెక్కలన్నీ ఇంగ్లీషులోనే నేర్చుకుంటారు. అసలు లెక్కలు తెలుగులో చెప్పగలమా అని మీకు సందేహం రావచ్చు. ఎన్నో వందల ఏళ్ల క్రితమే చెప్పి చూపించిన మహానుభావుడు పావులూరి మల్లన.

ఆయన నన్నయ కాలం వాడని, అంటే 11వ శతాబ్దం వాడని, చాలామంది పండితులు చెబుతారు. పిఠాపురం దగ్గరి నవఖండవాడను రాజరాజ నరేంద్రుడు ఆ కుటుంబానికి ఇచ్చాడంటారు. ఆ రోజుల్లో శాస్త్ర గ్రంథాలు ఎక్కువగా సంస్కృతంలోనే ఉండేవి. సుమారు 850లో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఉన్నదున్నట్టు దించలేదు. కొన్ని లెక్కలు వదిలేసి, తనవి కొన్ని చేర్చాడు.

వాటిలో పేరుపొందినది చదరంగం లెక్క. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4... ఇలా 64 గళ్లూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? జవాబుకు 20 అంకెలు: 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె జారినా లెక్క తప్పే. అందుకే మల్లన అంకెలకు బదులు మాటలు వాడాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఆ మాటలన్నీ ఒకే పద్యంలో కూర్చాడు. పద్యం నోటికి వస్తే సంఖ్య కూడా వచ్చినట్టే!

మనం ఇదే లెక్కను ఘాతాంకాలతో చేద్దాం.

మొత్తం = 1 + 2 + 2² + … + 2⁶³
దానికి రెట్టింపు = 2 + 2² + … + 2⁶³ + 2⁶⁴

రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే మధ్యవన్నీ పోయి 2⁶⁴ − 1 మిగులుతుంది. 2⁶⁴ కోసం అన్నిసార్లు రెండుతో గుణించనక్కర్లేదు. వర్గం చేసిన ప్రతిసారీ ఘాతాంకం రెట్టింపవుతుంది: 2², 2⁴, 2⁸, 2¹⁶, 2³², 2⁶⁴. ఆరు మెట్లే!

ఇదే సంఖ్యను 973లో పుట్టిన అల్ బిరూనీ అరబ్బీలో రాశాడు. మన చతురంగమే అరబ్బీలో షత్రంజ్ అయింది. అరబ్బీకి, తెలుగుకు, ఇంగ్లీషుకు లెక్క ఒక్కటే.

ఈ వారం చదరంగం బల్ల ముందు పెట్టుకోండి. మొదటి 10 గళ్ల మొత్తం ఎంతో కట్టి, ఎలా వచ్చిందో అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. 2¹⁰ లోంచి 1 తీసేస్తే సరి!