జాన్ న్యూటన్ గారి ఒప్పుకోలు

అమేజింగ్ గ్రేస్ అను కీర్తనను ఎరుగని క్రైస్తవ కుటుంబము అరుదు. దానిని వ్రాసిన జాన్ న్యూటన్ గారి కథను మన ప్రసంగములలో తరచుగా ఇట్లు చెప్పుదుము: బానిసల వర్తకుడొకడు తుపానులో ప్రభువుకు మొరపెట్టి, ఆ వర్తకమును విడిచి బోధకుడాయెను. వినుటకు బాగున్నది గాని జరిగిన సంగతి అంత సులువైనది కాదు.

ఆయన 1725లో లండనులో ఓడ కప్తాను కుమారుడుగా జన్మించెను. భక్తిగల తల్లి ఆయనకు ఏడేండ్లు నిండకముందే గతించెను. పిదప సముద్ర జీవితము, బలవంతపు నౌకాదళ సేవ, పారిపోయి పట్టుబడి కొరడా దెబ్బలు, పశ్చిమాఫ్రికా తీరమున ఒక బానిస వర్తకుని క్రింద ఆకలి, జ్వరము. 1748 మార్చిలో గ్రేహౌండ్ అను ఓడ తుపానులో చిక్కి నీరు నిండుచుండగా ఆయన దేవుని కనికరమును వేడుకొనెను. ఆ దినమును ప్రతి యేట ప్రార్థనతో జ్ఞాపకము చేసికొనెడివాడు.

అటు తరువాత ఏమి జరిగెను? అదే సంవత్సరము బానిసల ఓడలో ఉపాధికారిగా వెళ్లెను. 1750 నుండి 1754 వరకు స్వయముగా కప్తానై మూడు ప్రయాణములు చేసెను. ఆదివారమున నావికులను సమకూర్చి ఆరాధన జరిపించెడివాడు. వారు నిలిచిన బల్లల క్రిందనే ఆఫ్రికా ప్రజలు సంకెళ్లతో, ప్రక్కకు తిరుగుటకైనను చోటులేక పడియుండిరి. 1752లో తిరుగుబాటు ఆలోచన బయటపడగా, కొందరు బాలుర బొటనవ్రేళ్లను ఇనుప మరలలో బిగింపజేసినట్లు ఆయన దినచర్య పుస్తకములోనే యున్నది. ఆయన ప్రార్థనలు నటనయని నేననను, మనఃపూర్వకముగానే ప్రార్థించియుండును. నాకు భయము గొలుపునది అదే. ఆ కాలపు క్రైస్తవులలో పెక్కుమంది ఆ వృత్తిని గౌరవమైనదిగా ఎంచిరి. ఆయన మనస్సాక్షియు వారితోపాటు నిద్రించెను. 1754లో సముద్రమును విడుచుటకు కారణము సహా మూర్ఛ వ్యాధియే.

1764లో అభిషేకము పొంది ఓల్నీలో 16 ఏండ్లు, పిమ్మట లండనులో సెయింట్ మేరీ వుల్‌నోత్ ఆలయములో సేవ చేసెను. పై కీర్తన 1773 నూతన సంవత్సర దినమునకై ఓల్నీ సంఘము కొరకు వ్రాసినది. అందులో తాను పాపినని ఒప్పుకొనెను గాని ఆ పాపము ఎవరియెడల జరిగెనో చెప్పలేదు. అటువంటి ఒప్పుకోలు మనమును ప్రతి ఆదివారము చేయుచున్నాము, ఇంటికి పోయి భోజనము చేయుచున్నాము.

1785లో విల్బర్‌ఫోర్స్ అను యువ పార్లమెంటు సభ్యుడు రహస్యముగా ఆలోచన కోరి రాగా, రాజకీయ సేవను విడువవద్దని ప్రోత్సహించెను. 1788లో, ఓడ దిగిన 34 ఏండ్లకు, బానిస వర్తకముపై ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. సంకెళ్లు, మరలు, స్త్రీలపై జరిగిన అత్యాచారములు, అన్నియు వ్రాసెను. అందులో తానును పాలివాడనని, తన ఒప్పుకోలు మిక్కిలి ఆలస్యమైనదని దాచలేదు. 62 ఏండ్ల వయస్సున, పేరు పొందిన గురువుకు ఇది తేలిక పని కాదు. 1790లో కామన్సు సభ కమిటీ యెదుట సాక్ష్యమును ఇచ్చెను.

1807 మార్చిలో బ్రిటిషు పార్లమెంటు ఆ వర్తకమును నిషేధించెను. అదే సంవత్సరము డిసెంబరు 21న ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన దినచర్య పుస్తకము నేటికిని నిలిచియున్నది. ఓడలో చనిపోయిన బానిసలను అందులో అంకెలు వేసి వ్రాసెను.