బళ్ళ లెక్క తీయించిన మన్రో దొర

పత్తికొండ: రాయలసీమ పల్లెల్లో పాత తరంలో మన్రోలప్ప, మన్రోలమ్మ అన్న పేర్లు వినిపించేవి. ఒక తెల్లదొర పేరును ఇక్కడి రైతులు తమ బిడ్డలకు పెట్టుకున్నారు. ఆ దొర సర్ థామస్ మన్రో. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారని, కడప జిల్లా గండిలో కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందని ఇప్పటికీ పెద్దలు చెప్పుకుంటారు. పన్నుల దొరగా, రైత్వారీ దొరగా ఆయన అందరికీ తెలిసినవాడే. కాగా ఊరూరా బళ్ళను లెక్కపెట్టించి, వాటికి సర్కారు ఖజానా నుంచి ఏటా ఇంత సొమ్ము కావాలని పద్దు రాసిన మొదటి మద్రాసు గవర్నరు కూడా ఆయనేనన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అమెరికాతో వ్యాపారం చేసేవాడు. అక్కడ యుద్ధం రావడంతో వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. దాంతో కుర్రవాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగారు. హైదరాలీతో, టిప్పుతో జరిగిన యుద్ధాల్లో పనిచేశారు. ఫారసీ, హిందుస్తానీ నేర్చారు. ఆ తర్వాత సేలం ప్రాంతంలోని బారామహల్‌లో, కెనరాలో రెవెన్యూ పనిలో ఆరితేరారు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. అదే దత్త మండలం. బళ్ళారి, అనంతపురం, కడపలతోపాటు నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ, ఆదోని తాలూకాలు కూడా అందులోవే. మన్రో దీనికి ముఖ్య కలెక్టరుగా వచ్చారు. అప్పటికి ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్ళు ఎవరికి వారే దొరలు. ఆయన వారిని అణచివేశారు. గుడారాలు వేసుకుంటూ ఏడేళ్ళు పల్లెలన్నీ తిరిగారు. చేను చేనుకూ కొలత వేయించి, రైతు పేరనే శిస్తు కట్టారు. 1807లో వెళ్ళేనాటికి దత్త మండలం ఆదాయం 10 లక్షల వరహాల పైచిలుకు నుంచి 15 లక్షల వరహాల పైచిలుకుకు పెరిగింది. వరహా అంటే ఆ రోజుల్లో మూడున్నర రూపాయలు. ఈ శిస్తు భారమేనని, నూటికి 25 వంతులు తగ్గించాలని వెళ్ళేముందు ఆయనే సిఫారసు చేశారు. పైవాళ్ళు అప్పుడు వినలేదు. కొన్నేళ్ళపాటు ఊళ్ళను కౌలు గుత్తలకిచ్చి చేతులు కాల్చుకున్న తర్వాతే మళ్ళీ రైత్వారీకి వచ్చారు.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చారు. 1822 జూన్ 25న ఆయన ఒక ఉత్తర్వుకు శ్రీకారం చుట్టారు. రాజధానిలోని ప్రతి జిల్లాలో ఎన్ని బళ్ళున్నాయి, ఎందరు పిల్లలు చదువుతున్నారు, ఏ కులాలవారు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, బడికి మాన్యాలేమైనా ఉన్నాయా అన్న వివరాలు కలెక్టర్లు పంపాలి. జనం చదువు గురించి ఎవరికి తోచినట్లు వారు మాట్లాడుతున్నారే తప్ప, లెక్క ఎవరి దగ్గరా లేదన్నది ఆయన అభిప్రాయం. ముందు లెక్క, తర్వాత ఖర్చు అన్నది ఆయన పద్ధతి. శిస్తు విషయంలోనూ అలాగే చేశారు కదా!

లెక్కలు రావడానికి మూడేళ్ళు పట్టింది. మన ప్రాంతానికి సంబంధించి బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక చాలా విలువైనది. పత్తికొండ, ఆదోని, గుత్తి, అనంతపురం అన్నీ అప్పుడు బళ్ళారి జిల్లాలోనివే. 9 లక్షల 27 వేల పైచిలుకు జనాభాకు 533 బళ్ళు, వాటిలో 6,641 మంది పిల్లలు. ఇందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. తెలుగు బళ్ళు, కన్నడ బళ్ళు ఇంచుమించు సమానం.

బడి అంటే నేటిలాగా తరగతి గదులు కావు. అయ్యవారి ఇంటి అరుగు, గుడి మండపం, లేదా చెట్టు నీడ. ఐదో ఏట, ఐదో నెల, ఐదో రోజున అక్షరాభ్యాసం. ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లవాడికి నెలకు పావలా, కాగితంపై రాత, లెక్కలు నేర్చేవాడికి అర్ధరూపాయి జీతం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పుతుంటే అయ్యవారు పైన చూసుకునేవారు. ఈ పద్ధతి తక్కువ ఖర్చుతో కూడుకున్నదని కలెక్టరు మెచ్చుకున్నారు. అయితే పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు బట్టీ పడుతున్నారని కూడా రాశారు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. జిల్లాలోని 533 బళ్ళలో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని, ఇది తమకు సిగ్గుచేటని తన ప్రభుత్వానికే రాసి పంపారు. పాత రాజుల కాలంలో చదువుకు సొమ్ము, మాన్యాలు ఇచ్చేవారని గుర్తు చేశారు. విలాయతీ బట్టల రాకతో నేతపనివారు చితికిపోయారని, పనిచేయగల వయసు రాగానే తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి కూలికి పంపుతున్నారని వివరించారు. పదహారేళ్ళ క్రితం వరకు ఇదే జిల్లాలో శిస్తు వసూలు చేసిన మన్రో, గవర్నరు కుర్చీలో కూర్చుని ఈ నివేదిక అందుకోవలసి వచ్చింది. కింది అధికారి ఇంత సూటిగా రాసినందుకు కోపగించినట్లు ఎక్కడా లేదు.

అన్ని జిల్లాల లెక్కలూ కలిపితే కోటి 28 లక్షల పైచిలుకు జనాభాకు 12,498 బళ్ళు, లక్షా 88 వేల 650 మంది పిల్లలు తేలారు. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి. మద్రాసు నగరంలో బడికి వెళ్ళేవారు 5,523 మంది కాగా, ఇళ్ళలో చదువుకునేవారు 26,963 మంది అని లెక్క వచ్చింది. ఈ రెండో అంకెను మన్రో పూర్తిగా నమ్మలేదు. అయినా ఇళ్ళ చదువును కొంత కలుపుకుంటే మగపిల్లల్లో మూడోవంతు మంది ఏదో ఒక చదువు చదువుతున్నట్లేనని, కొంతకాలం ముందు ఐరోపాలో చాలా దేశాలకు ఇంత కూడా లేదని ఆయన తేల్చారు.

1826 మార్చి 10న ఆయన తన పథకం రాశారు. అయ్యవార్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని, ఆ రాబడికి సమర్థులు రారని ఆయన గ్రహించారు. ఊళ్ళలోని వీధి బళ్ళ జోలికి పోవద్దని, వాటిని జనమే నడుపుకుంటారని, పైస్థాయి బళ్ళు సర్కారు పెట్టాలని నిర్ణయించారు. 20 జిల్లాల్లో హిందువులకొకటి, ముస్లిములకొకటి చొప్పున 40 జిల్లా బళ్ళు. ఒక్కో ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు. తాలూకాల్లో 300 తహసీల్దారు బళ్ళు, ఒక్కోదానికి నెలకు 9 రూపాయలు. పిల్లలిచ్చే జీతం దీనికి అదనం. ఉపాధ్యాయుల శిక్షణకు, పుస్తకాలకు మద్రాసులోని పాఠ్యపుస్తక సంఘానికి నెలకు 700. మొత్తం నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు. ఈ ఖర్చు దేశం బాగుపడటం ద్వారా ఎన్నో రెట్లు తిరిగి వస్తుందని ఆయన వాదించారు. శిక్షణ పొందినవారు వచ్చేకొద్దీ బళ్ళు పెంచాలన్నారు తప్ప, ఒక్కసారిగా తెరవమనలేదు. ఆ ఏడు జూన్‌లోనే ఈ పనికి ఒక సంఘాన్ని వేశారు.

48 వేలంటే ఎంత? 1807లో ఒక్క దత్త మండలం రైతులు కట్టిన శిస్తులో నూటికి రూపాయి కూడా కాదు. అదీ మద్రాసు రాజధాని మొత్తానికి. పైగా ఈ పద్దులో బడి గది కట్టడానికి ఒక్క కాసు లేదు. గది లేకుండా బడి నడవడం అప్పటికి అందరికీ అలవాటే గనుక, మన్రోకు కూడా అది లోటుగా తోచి ఉండదు.

పథకం మొదలైన మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. స్వదేశానికి వెళ్ళిపోయే ముందు తన పాత రైతులను ఒకసారి చూడాలని దత్త మండలం పర్యటనకు వచ్చారు. గుత్తి దగ్గర మకాంలో కలరా సోకింది. 1827 జూలై 6న పత్తికొండలో ఆయనకూ ఆ జబ్బు తగిలి, ఆ రాత్రే మరణించారు. గుత్తిలో సమాధి చేశారు. తర్వాత 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. సర్కారు ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో సత్రం కట్టించింది. పత్తికొండలో మెట్లబావి తవ్వించి తోపు వేయించింది. మద్రాసులో 1839లో గుర్రం మీద విగ్రహం వెలిసింది.

బళ్ళ సంగతి వేరు. లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1828లో పథకాన్ని ఆమోదించినా, అనుకున్న 300 తహసీల్దారు బళ్ళు ఏనాడూ పూర్తి కాలేదు. తొమ్మిది రూపాయలకు మంచి ఉపాధ్యాయులు దొరకలేదు. వెంటబడి చూసుకునే గవర్నరు లేరు. పైగా సర్కారు దృష్టి ఇంగ్లీషు చదువులవైపు మళ్ళింది. 1836లో ఆ బళ్ళను మూసేశారు. ఊళ్ళలో అరుగుల మీది బళ్ళు మాత్రం ఎప్పటిలాగే పావలా, అర్ధరూపాయిలతో నడిచాయి. బడి ఇల్లు కట్టుకోవడానికి కూడా సర్కారు సాయం చేయవచ్చునన్న మాట 1854లో లండను నుంచి వచ్చిన ఉత్తర్వులో చోటు చేసుకుంది. మన్రో పద్దు రాసి అప్పటికి 28 ఏళ్ళు.