నికోలా టెస్లా పడవ

నికోలా టెస్లా 1856వ సంవత్సరము జూలై 10వ తేదీన స్మిల్యాన్ అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు క్రొయేషియా దేశములోనిది. నాడు ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడి క్రింద నుండెను. తండ్రి సెర్బియను ఆర్థొడాక్సు సంఘమునకు గురువు. తల్లి అక్షరాస్యురాలు కాదు. అయినను ఇంటికి వలసిన పనిముట్లను స్వయముగా కల్పించుకొనగల నేర్పరి. తన కల్పనాశక్తి తల్లి యిచ్చిన సొత్తేయని టెస్లా పెద్దవాడైన పిమ్మటను చెప్పుకొనుచుండెను. బాల్యమున అతడు వాగులో నిలిపిన నీటిచక్రమునకు రెక్కలే లేవట. అది తిరుగుట మానలేదు.

గ్రాజు నగరమున చదివి, 1882లో బుడాపెస్టునందు తిరుగుడు అయస్కాంత క్షేత్రమును గూర్చిన యూహను పొంది, 1884లో అతడు న్యూయార్కు చేరెను. ఎడిసను వద్ద కొలదికాలము పనిచేసెను. 1888లో వెస్టింగ్‌హౌసు అతని మోటారు హక్కులను కొనెను. 1896లో నయాగరా జలపాతమునుండి బఫెలో పట్టణమునకు విద్యుచ్ఛక్తి ప్రవహించెను. ఇవన్నియు మన పాఠ్యపుస్తకములలో నున్నవే గనుక ఇంతటితో విడిచెదను. అతని పడవ కథ అంతగా ఎవరును చెప్పరు.

1895 మార్చి 13వ తేదీన అతని ప్రయోగశాల అగ్నికి ఆహుతి యయ్యెను. ఏండ్ల తరబడి చేసిన పరికరములన్నియు బూడిదయ్యెను. అతడు వేరొక చోట మరల మొదలుపెట్టి, 1898లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నందు ఒక నీటితొట్టిలో సుమారు నాలుగడుగుల పడవను విడిచెను. దానికి తీగ లేదు, త్రాడు లేదు. టెస్లా ఒడ్డున నిలిచి మీట త్రిప్పగా అది కదలెను, ఆగెను, మలుపు తిరిగెను. చూపరులు ప్రశ్న లడుగగా దీపముల సైగలతో బదులిచ్చెను! బదులిచ్చినది ఒడ్డుననున్న టెస్లాయే యని వేరుగ చెప్పనక్కరలేదు.

పడవ కడుపులో బ్యాటరీలు, మోటార్లు, లోహపు పొడి నింపిన చిన్న గొట్టము ఉండెను. విద్యుత్తరంగము సోకగానే ఆ పొడి విద్యుత్తునకు దారి యిచ్చును. అంతట ఒక చక్రము మెట్టు తిరిగి మోటారును గాని చుక్కానిని గాని నడపును. ఇట్టి పొడికి చెమ్మ తగిలినచో త్రుప్పు పట్టి ముద్దకట్టును. పడవ యజమాని మాట వినదు.

ఆటపడవను చెరువులో విడిచిన బాలుర నడుగుడు, నీరెచ్చటినుండి వచ్చునో చెప్పెదరు. పైకప్పు అతుకున, చుక్కాని కాడ దిగిన రంధ్రమున, అన్నిటికంటె ఎక్కువగా ప్రొపెల్లరు ఇరుసు వెలుపలికి పోవు చోట. తిరుగు ఇరుసును మైనముతో మూసిన తిరుగదు, మూయకున్న నీరు నిలువదు. కనుక ఇరుసును గొట్టములో దూర్చి గ్రీజు నింపవలెను. కారుచోటు కనబడనిచో యంత్రములను తీసివేసి, ఖాళీ పడవలో నీరు పోసి వెలుపల ఎచ్చట చెమర్చునో చూడవలెను. నాకు తెలిసినంతలో ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

టెస్లా మొదటి పడవకు వేరొక చిక్కు గలదు. తరంగములను పట్టు కడ్డి పైకప్పుమీద నిలువుగా నుండెను. కడ్డి దిగు ప్రతిచోటును ఒక రంధ్రమే. పైగా కడ్డి నీటిపైన నిలువవలసినదే గనుక అట్టి పడవ మునుగజాలదు. రెండవ పడవ మొదటిదానికంటె పెద్దది. దానిలో అతడు కడ్డినే తీసివేసి, తీగను పడవ లోపలనే పలుచుట్లు చుట్టెను. అంతట పడవ దేహమంతయు నీరు చొరకుండ మూయుటకును, నీట ముంచుటకును వీలయ్యెను. లోపల యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలియుటకు దీపముల నమర్చెను. ఆ దీపములే నాకు మిక్కిలి నచ్చినవి. మూత తీయకయే లోపలి క్షేమము తెలియును గదా!

దీనిని నమ్మించుట మాత్రము నీటిని ఆపుటకంటె కష్టమయ్యెను. పేటెంటు కార్యాలయపు ప్రధాన పరీక్షకుడు స్వయముగా న్యూయార్కు వచ్చి పడవను చూచిన పిమ్మటనే 1898 నవంబరు 8వ తేదీన 613,809 సంఖ్యగల పేటెంటు లభించెను. వాషింగ్టనులో ఒక ప్రభుత్వోద్యోగి యెదుట టెస్లా ఈ సంగతి చెప్పగా ఆయన పకపక నవ్వెనట. పదునేడేండ్ల గడువు 1915లో ముగిసెను. పేటెంటువలన టెస్లాకు కలిగిన లాభము ఏమియు లేదు.

ఆపై 1901లో మొదలిడిన వార్డెన్‌క్లిఫ్ గోపురము ధనము లేక నిలిచిపోయి 1917లో పడగొట్టబడెను. టెస్లా అవివాహితుడుగనే యుండి, హోటలు గదులలో కాలము గడిపి, పావురములకు గింజలు చల్లుచు, 1943 జనవరి 7వ తేదీన న్యూయార్కులో ఒంటరిగా కన్నుమూసెను. 1957లో అతని చితాభస్మమును బెల్‌గ్రేడు నగరమందలి టెస్లా ప్రదర్శనశాలకు చేర్చిరి. ఆ పడవ నమూనా యొకటి అచ్చటనే యున్నది.