ఏకాంత ఖైదు గుట్టు విప్పిన చార్లెస్ డికెన్స్

చార్లెస్ డికెన్స్ పేరు వినగానే చాలామందికి ఇంగ్లిష్ పాఠంలో చదివిన ఆలివర్ ట్విస్ట్ గుర్తొస్తాడు. కానీ ఖైదీని ఏళ్ల తరబడి ఒక్కణ్ణే గదిలో మూసిపెడితే మనసు చచ్చిపోతుందని 180 ఏళ్ల కిందటే గట్టిగా చెప్పిన వాళ్లలో ఆయన ఒకరన్న సంగతి తక్కువ మందికి తెలుసు. ఉర్దూలో ఖైదే తన్హాయి అనే ఈ శిక్షకు హద్దులు ఉండాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా ఆయన పేరు వస్తూనే ఉంటుంది.

డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లాండులోని పోర్ట్స్‌మౌత్‌లో పుట్టారు. తండ్రి జాన్ నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. సంపాదన కంటే ఖర్చు ఎక్కువ. ఒక రొట్టెల దుకాణదారుకు 40 పౌండ్ల 10 షిల్లింగుల బాకీ తీర్చలేక 1824లో లండన్‌లోని మార్షల్సీ జైలుకు వెళ్లాడు. తల్లి, చిన్నపిల్లలు కూడా ఆయనతోపాటే జైలు గదిలో ఉండాల్సి వచ్చింది. 12 ఏళ్ల చార్లెస్ మాత్రం బూట్ల పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరాడు. వారానికి కూలి 6 షిల్లింగులు. తిండికి పైసా వాడుకోకుండా దాచినా తండ్రి బాకీ తీరడానికి 135 వారాలు పట్టేది. ఆదివారాల్లో ఆ పిల్లాడు జైలుకెళ్లి ఇంట్లోవాళ్లను చూసొచ్చేవాడు. సుమారు మూడు నెలల తర్వాత తండ్రి విడుదలయ్యాడు. ఆ రోజుల అవమానాన్ని మాత్రం డికెన్స్ జీవితాంతం మర్చిపోలేదు.

తర్వాత ఆయన లాయరు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని పార్లమెంటు రిపోర్టరయ్యారు. పత్రికా రచయితగా లండన్‌లోని న్యూగేట్ జైలును చూసి రాశారు. 1836లో మొదలైన పిక్‌విక్ పేపర్స్‌తో దేశమంతా పేరొచ్చింది. 30 ఏళ్లు నిండకముందే ఇంగ్లాండులో అందరికంటే ఎక్కువగా చదివే రచయిత అయ్యారు.

1842 జనవరిలో భార్య కేథరిన్‌తో కలిసి ఓడెక్కి అమెరికా వెళ్లారు. మార్చిలో ఫిలడెల్ఫియా చేరుకున్నారు. అక్కడ పెన్సిల్వేనియా రాష్ట్రం నడిపే ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అప్పటికే ప్రపంచ ప్రసిద్ధి పొందిన జైలు. 1829లో తెరిచిన ఈ జైలు వెనుక ఉన్నవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. క్వేకర్లు, మరికొందరు దయగల పెద్దమనుషులు. కొరడా దెబ్బల కంటే ఏకాంతమే మేలని వాళ్ల నమ్మకం. మనిషిని బైబిలుతో ఒంటరిగా వదిలేస్తే పశ్చాత్తాపపడి మంచివాడవుతాడనుకున్నారు.

పద్ధతి ఎలా ఉండేదంటే, ఖైదీ లోపలికి వచ్చేటప్పుడే తలకు ముసుగు వేసేవారు. ఎటు వెళ్తున్నాడో, పక్క గదిలో ఎవరున్నారో తెలియకూడదు. పేరు పోయి నంబరు మిగిలేది. గదికి పైకప్పులో చిన్న వెలుతురు కన్నం, వెనక గోడల మధ్య కాస్త ఖాళీ జాగా. బట్ట నేయడమో, చెప్పులు కుట్టడమో అక్కడే చెయ్యాలి. భార్యాపిల్లల కబురు కూడా అందేది కాదు. శిక్ష పూర్తయ్యేదాకా, ఎన్నేళ్లయినా ఇంతే.

డికెన్స్ ఆ రోజంతా గది గదికీ తిరిగి ఖైదీలతో మాట్లాడారు. ఒక జర్మన్ ఖైదీ నూలుకు వేసే రంగులతో గది గోడలన్నీ అందంగా అలంకరించుకున్నాడు. వెనక జాగాలో చిన్న మడి వేసుకున్నాడు. ఆ మడి డికెన్స్ కళ్లకు సమాధిలా కనిపించింది. ఇంకో మనిషి అడిగినదానికి బదులివ్వకుండా తన వేళ్ల చర్మం గిల్లుకుంటూ కూర్చున్నాడు.

అదే ఏడాది అక్టోబరులో వచ్చిన అమెరికన్ నోట్స్ పుస్తకంలో ఆయన ఇదంతా రాశారు. దెబ్బలు తగిలితే ఒంటి మీద గాయం కనిపిస్తుంది, ఈ శిక్షలో గాయం లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టదన్నది ఆయన వాదన. ఈ పద్ధతి పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కానీ తామేం చేస్తున్నారో వాళ్లకే తెలియదన్నారు. జైలు సమర్థకులు మండిపడ్డారు. నవలా రచయిత కదా, లేనిపోనివి కల్పించాడన్నారు. ఆ 1842 డిసెంబరులోనే లండన్‌లో అదే నమూనాలో పెంటన్‌విల్ జైలు తెరుచుకుంది.

డికెన్స్ వదల్లేదు. 1859లో రాసిన ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్‌లో డాక్టర్ మానెట్ 18 ఏళ్లు బాస్టీల్ జైల్లో ఒంటరిగా ఉండి, పేరడిగితే గది నంబరు చెప్పే స్థితికి వస్తాడు.

అలాగని డికెన్స్ ఖైదీల విషయంలో మెత్తనివాడు కాదు. పెంటన్‌విల్ ఖైదీలకు బయట పేదల కంటే మంచి తిండి పెడుతున్నారని 1850లో విమర్శించారు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. 1857 తిరుగుబాటు వార్తలు విన్నాక, తన చేతిలో అధికారం ఉంటే ఆ జాతినే తుడిచిపెడతానని ఒక స్నేహితురాలికి ఉత్తరం రాశారు. ఫిలడెల్ఫియా ఖైదీలో మనిషిని చూసిన కళ్లకు హిందుస్తానీలో మనిషి కనిపించలేదు.

ఆ 1857లోనే జూలై 17న హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీపై తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. తర్వాత అదే అండమాన్‌లో బ్రిటిష్‌వాళ్లు 1896 నుంచి 1906 వరకు సెల్యులర్ జైలు కట్టారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ ఏడు రెక్కలు, దాదాపు 700 ఒంటరి గదులు. ఫిలడెల్ఫియా జైలు తొలి నమూనాలోనూ ఏడు రెక్కలే. డికెన్స్ తప్పని చెప్పిన 50 ఏళ్ల తర్వాత కూడా ఆ పద్ధతిని మన దేశభక్తుల కోసం వాడుకున్నారు.

డికెన్స్ 1870 జూన్ 9న చనిపోయారు. తన మాట నెగ్గడం ఆయన చూడలేదు. అమెరికా సుప్రీంకోర్టు 1890లో మెడ్లీ కేసులో, ఏకాంత ఖైదు వల్ల మతి చెడిన ఖైదీల సంగతి ప్రస్తావించింది. ఈస్టర్న్ స్టేట్ జైలు 1913లో ఈ పద్ధతిని అధికారికంగా వదిలేసింది. వరసగా 15 రోజులు మించకూడదని ఐక్యరాజ్యసమితి 2015లో మండేలా నియమాల్లో పెట్టింది. న్యూయార్క్ రాష్ట్రం 2021లో చేసిన చట్టంలోనూ 15 రోజుల హద్దే ఉంది.

మన దగ్గర 1860 నాటి ఐపీసీలోనే కోర్టు విధించే ఏకాంత ఖైదుకు లెక్క ఉంది. మొత్తం మూడు నెలలు దాటకూడదు, ఒక విడతలో 14 రోజులు మించకూడదు, విడతకూ విడతకూ మధ్య కనీసం అంతే విరామం ఉండాలి. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 11, 12 సెక్షన్లు అవే. ఉరిశిక్ష పడిన ఖైదీని సైతం అన్ని అప్పీళ్లూ, క్షమాభిక్ష అర్జీలూ ముగియకముందే జైలు అధికారులు సొంతంగా ఏకాంతంలో పెట్టడానికి వీల్లేదని 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భద్రత పేరుతో విడిగా ఉంచడం, ఏకాంత ఖైదు ఒకటి కాదని కూడా చెప్పింది.

అయితే గదికి ఏ పేరు పెట్టారన్నది కాగితం మీద సంగతి. లోపలి మనిషితో ఎన్ని రోజులుగా ఎవరూ మాట్లాడలేదన్నది అసలు లెక్క. అది తెలియాలంటే బయటివాళ్లు తలుపు తీయించి, అతని పక్కన కూర్చుని అడగాలి. 1842లో డికెన్స్ చేసిన పని అదే.