చెమట పట్టిన చిన్నారి చెయ్యి

పెర్ల్ బక్ అనగానే 'గుడ్ ఎర్త్' నవల, నోబెల్ బహుమతి గుర్తుకొస్తాయి. ఆ నవల వెనక బుద్ధిమాంద్యంతో పుట్టిన ఒక కూతురు, ఆ కూతురి ఫీజు కట్టలేక సతమతమైన ఒక తల్లి ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆమె 1892లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. తల్లిదండ్రులు ప్రెస్బిటేరియన్ మిషనరీలు. నెలల బిడ్డగా ఉండగానే ఆమెను చైనాకు తీసుకెళ్లారు. తండ్రి ఊరూరా తిరిగి సువార్త చెబుతుంటే, కూతురు చైనా పిల్లలతో ఆడుకుంటూ వాళ్ల భాషను సొంత భాషలా నేర్చుకుంది. 1917లో, మిషన్ తరఫున వ్యవసాయ సేవ చేస్తున్న లాసింగ్ బక్‌ను పెళ్లాడింది. 1920లో కరోల్ పుట్టింది. ముచ్చటైన బిడ్డ. కాని మూడేళ్లు వచ్చినా మాటలు రాలేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును ఏమడిగారో మనకు తెలుసు. ఎవరి పాపం ఇది? ఇలాంటి బిడ్డను కన్న తల్లి చెవిలో ఆ ప్రశ్న ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, చర్చిలో కూడా. చైనా ఇరుగుపొరుగువాళ్లు మాత్రం పాపను ఉన్నదున్నట్టు స్వీకరించారు. వింతగా చూసింది తన తోటి తెల్లవాళ్లేనని పెర్ల్ తర్వాత రాసుకుంది.

బిడ్డను తీసుకుని అమెరికాలో డాక్టర్ల చుట్టూ తిరిగింది. మిన్నెసోటాలోని పెద్ద ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆశ పూర్తిగా వదులుకోవద్దన్నట్టు మాట్లాడాడు. బయటికి వస్తుంటే మరో డాక్టరు ఆమెను ఆపి కుండబద్దలు కొట్టాడు. ఈ పాప ఎప్పటికీ మామూలుగా ఎదగదు, తను సంతోషంగా ఉండగల చోటు వెతకండి అన్నాడు. ఆ మాట కత్తిలా దిగింది. అయినా నిజం చెప్పిన ఆ డాక్టరుకు ఆమె జీవితాంతం కృతజ్ఞురాలిగానే ఉంది.

తల్లి మనసు అంత తేలిగ్గా ఊరుకుంటుందా? తనే పంతులమ్మ అయి కరోల్‌కు చదువు చెప్పింది. చిన్న చిన్న మాటలు చదవడం వచ్చింది. ఇక రాయించాలని ఒకరోజు పాప చెయ్యి పట్టుకుని దిద్దిస్తోంది. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. రెండో చెయ్యి చూసింది. అదీ అంతే. బిడ్డకు తను రాస్తున్నదేమిటో తెలియదు, అమ్మను సంతోషపెట్టడానికి ప్రాణమంతా పెట్టి కష్టపడుతోంది. పెర్ల్ పుస్తకాలు మూసేసింది. పరీక్షల కాలంలో మన ఇళ్లలో ఎన్ని చిన్ని చేతులు ఇలా తడుస్తున్నాయో!

1929లో న్యూజెర్సీలోని వైన్‌లాండ్ ట్రైనింగ్ స్కూల్లో కరోల్‌ను చేర్చింది. ఏ చదువుకన్నా ముందు బిడ్డ సంతోషంగా ఉండాలన్నది అక్కడి సూపరింటెండెంట్ జాన్‌స్టన్ పద్ధతి. మిషనరీ జీతంతో ఆ ఫీజు భారమే. అప్పు చేసింది, చైనాకు తిరిగివెళ్లి రచనలో మునిగిపోయింది. 1931లో 'గుడ్ ఎర్త్' వచ్చింది. 1932లో పులిట్జర్, 1938లో నోబెల్ వచ్చాయి. మిషనరీల గర్వాన్ని బహిరంగంగా విమర్శించి 1933లో మిషన్‌కు రాజీనామా ఇచ్చింది. ఆ విమర్శలన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు.

పేరూ డబ్బూ వచ్చినా కరోల్ సంగతి మాత్రం ఏళ్ల తరబడి లోకానికి దాచింది. చివరికి 1950లో 'ఎన్నటికీ ఎదగని బిడ్డ' అనే అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం రాసింది. అలాంటి పిల్లల్ని గదుల్లో దాచే కాలమది. దాచుకున్న తల్లిదండ్రులెందరో ఆమెకు ఉత్తరాలు రాశారు.

కరోల్‌కు వచ్చింది ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు. నార్వే డాక్టరు ఫోలింగ్ 1934లోనే దాన్ని కనిపెట్టినా, కరోల్‌కు ఉన్నది అదేనని తేలేసరికి ఆమె నడివయసుకు చేరింది. ఇప్పుడు పుట్టిన తొలి రోజుల్లో మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తే చాలు, తగిన ఆహారంతో ఆ ముప్పు తప్పించవచ్చు.

పెర్ల్ పుస్తకం వచ్చిన పన్నెండేళ్లకు, 1962లో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు యూనిస్ ష్రైవర్ తమ అక్క రోజ్‌మేరీ బుద్ధిమాంద్యం గురించి పత్రికలో బహిరంగంగా రాసింది. అదే ఏడాది మేరీలాండ్‌లోని తన ఇంటి ఆవరణలోనే ఇలాంటి పిల్లలకు ఆటల శిబిరం పెట్టింది. ఈత కొట్టించింది, బంతులాడించింది. అదే పెరిగి 1968 జూలై 20న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ అయింది. అమెరికా, కెనడాల నుంచి సుమారు వెయ్యిమంది వచ్చారు. ఇలాంటివాళ్లకు పరుగు పందేలేమిటని నవ్వినవాళ్ల ముందే పరుగెత్తారు, ఈదారు. అప్పటికి పెర్ల్‌కు 76 ఏళ్లు. 1970లో ఆమె కెనెడీ ఇంటి స్త్రీల మీద ఒక పుస్తకమే రాసింది.

తాను పోయాక బిడ్డకు దిక్కెవరన్నది ఇలాంటి ప్రతి తల్లి భయం. ఆ ఏర్పాటు పెర్ల్ ముందే చేసింది. 1973 మార్చి 6న ఆమె కన్నుమూసింది. సంగీతమంటే ప్రాణమిచ్చే కరోల్, తల్లి పోయాక మరో పందొమ్మిదేళ్లు, 1992 దాకా బతికింది.