ఎఫ్2 నొక్కితే కనిపించే పేరు

ఈ సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్‌కి ఉబుంటు ఉండాల్సిందే అన్నారు. విండోస్ తీసేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. రెండూ ఒకే లాప్‌టాప్‌లో పెట్టేద్దాం, నేను చేస్తాను అని హాస్టల్‌లో గొప్పగా చెప్పేశాను. అమీర్‌పేట్‌లో ఉంటున్నాం కదా, గోడలకున్న కోర్సుల బోర్డులు చూసినా సగం ఇంజనీర్ అయిపోయినట్టు ఉంటుంది.

ముందు నా లాప్‌టాప్. సి డ్రైవ్ కుదించి 60 జీబీ ఖాళీ చేశాను, ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను, పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్2 కొట్టి బయోస్‌లోకి వెళ్ళాను. గంటలో పని అయిపోయింది. ఆ ఊపులో రూమ్‌మేట్‌ది కూడా తీసుకున్నాను. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చింది. 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది. వాడి మినీ ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది, రివ్యూ సోమవారం. వాడు నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. అర్ధరాత్రి దాటాక వాడి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ దొరికింది. కానీ అప్పటిదాకా, ఏం మార్చానో వెతుక్కుంటూ ఆ బయోస్ స్క్రీన్‌నే వంద సార్లు చూశాను. అసలు ఈ మాట ఎవరు పెట్టారా అని వెతికితే ఒక పేరు తగిలింది. గ్యారీ కిల్డాల్.

పేరు కొత్త కాదు. పోయినేడు మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ క్లాసులో సార్ ఈయన గురించే చెప్పారు. ఐబీఎం వాళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఇంటికొస్తే ఈయన విమానం నడుపుకుంటూ షికారుకెళ్ళాడట, ఆ అవకాశం బిల్ గేట్స్ కొట్టేశాడట, కాబట్టి ఇంటర్వ్యూకి లేటుగా రావొద్దట. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు చదువుతుంటే ఆ నవ్వు తల్చుకుని సిగ్గేసింది.

కిల్డాల్ 1942 మే 19న సియాటెల్‌లో పుట్టారు. వాళ్ళ కుటుంబానికి ఓడలు నడిపేవాళ్ళకి దారి లెక్కలు నేర్పే స్కూల్ ఉండేది. తాతగారి కాలం నాటిది. ఈయనా అక్కడ కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు అవుదామనుకునే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరి, కంప్యూటర్ చూశాక దారి మార్చుకున్నారు. అది వియత్నాం యుద్ధ కాలం. నేవీలో పని చెయ్యాల్సి వచ్చినప్పుడు ఓడ ఎక్కకుండా కాలిఫోర్నియాలో మాంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో టీచర్‌గా చేరారు. 1972లో పీహెచ్‌డీ వచ్చింది. మరుసటి ఏడాది ప్రచురించిన డేటా ఫ్లో అనాలిసిస్ పేపర్ కంపైలర్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. అంటే మన సిలబస్‌లో ఈయన రెండు చోట్ల ఉన్నారు. పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పుడే ఇంటెల్ కొత్తగా మైక్రోప్రాసెసర్లు తెచ్చింది. అవి ట్రాఫిక్ లైట్లకీ కాలిక్యులేటర్లకీ పనికొచ్చే ముక్కలని చాలామంది అనుకునే రోజులవి. కిల్డాల్ మాత్రం వాటిని కంప్యూటర్‌గా చూశారు. ఇంటెల్ కోసం పీఎల్/ఎం అనే లాంగ్వేజ్ రాశారు. పెద్ద కంప్యూటర్ మీద ఈ చిన్న చిప్‌ని అనుకరించే సిమ్యులేటర్లు కూడా రాశారు. మనం వర్చువల్‌బాక్స్‌లో చేసేదానికి ముత్తాత అనుకోవచ్చు. షుగార్ట్ కంపెనీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దొరికింది కానీ దాన్ని కంప్యూటర్‌కి కలిపే కంట్రోలర్ ఎంత ప్రయత్నించినా ఆయన వల్ల కాలేదు. యూనివర్సిటీ స్నేహితుడు జాన్ టొరోడ్ వచ్చి చేసిచ్చాడు. (హార్డ్‌వేర్ రాకపోతే ఫర్వాలేదు, ఫ్రెండ్ ఉంటే చాలు.) 1974లో పసిఫిక్ గ్రోవ్ ఊళ్ళో ఆ ఫ్లాపీ తిరిగింది. దాన్ని నడిపిన ప్రోగ్రామే సీపీ/ఎం. ఇంటెల్‌కి చూపిస్తే వాళ్ళు వద్దన్నారు. దాంతో ఆయన, భార్య డొరొతీ కలిసి సొంతంగా కంపెనీ పెట్టారు. మొదటి పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్! తర్వాత ముందు మాట తీసేశారు.

నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడుంది. ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కోలా ఉండేది. ప్రతిదానికీ సీపీ/ఎం మొత్తం తిరగరాయాలంటే చచ్చే చావు. అందుకని మెషీన్‌ని బట్టి మారే కోడ్‌ని అంతా విడదీసి ఒక చిన్న ముక్కగా అడుగున పెట్టారు. కీబోర్డ్, స్క్రీన్, డిస్క్‌తో మాట్లాడేది అదొక్కటే. దాని పేరే బయోస్. కొత్త కంప్యూటర్ వస్తే ఆ ముక్క రాసుకుంటే చాలు, పైదంతా మారదు. ఇప్పుడు మన లాప్‌టాప్‌లో ఉన్నది నిజానికి యూఈఎఫ్ఐ, అయినా అందరం బయోస్ అనే అంటాం. ఒకే మెషీన్ మీద విండోస్, ఉబుంటు రెండూ లేస్తున్నాయంటే కింద ఏదో ఒకటి ఇద్దరికీ సమానంగా పలుకుతోందనేగా.

అన్నట్టు, ఒకే పెట్టెలో రెండు ఓఎస్‌లు అప్పుడే ఉన్నాయి. ఆపిల్ 2 ప్రాసెసర్ వేరు, సీపీ/ఎం దాని మీద నడవదు. 1980లో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌కార్డ్ అని జెడ్80 ప్రాసెసర్ ఉన్న కార్డు అమ్మింది. అది గుచ్చితే ఆపిల్ 2లో సీపీ/ఎం లేచేది. దానికి లైసెన్స్ కిల్డాల్ కంపెనీ నుంచే కొన్నారు!

ఇక ఆ విమానం రోజు. 1980లో ఐబీఎం వాళ్ళు నిజంగానే వచ్చారు. కిల్డాల్ నిజంగానే విమానంలో వెళ్ళారు, కానీ షికారుకి కాదు, వ్యాపారం పని మీద బిల్ గాడ్‌బౌట్ అనే కస్టమర్‌ని కలవడానికి. కంప్యూటర్ కంపెనీలతో ఒప్పందాలు ఎప్పుడూ చూసుకునేది డొరొతీనే, ఆ రోజూ ఆవిడే కూర్చున్నారు. ఐబీఎం రహస్య ఒప్పందం కాగితం అంతా ఒకవైపే ఉండటంతో లాయర్‌ని అడిగి సంతకం పెట్టలేదు. ఆ తర్వాత ఏం జరిగిందనేది ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తారు. మధ్యాహ్నం తిరిగొచ్చి తనే మాట్లాడానని కిల్డాల్ చెప్పేవారు. సంతకం పెట్టేముందు లాయర్‌ని అడిగిన మనిషిని చూసి మేం క్లాసులో నవ్వామన్నమాట.

బేరం కుదరలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు సియాటెల్‌లోనే టిమ్ ప్యాటర్‌సన్ రాసిన 86-డాస్‌ని 1981లో 50,000 డాలర్లకి కొనేశారు. అది సీపీ/ఎం ప్రోగ్రాములు తేలిగ్గా మార్చుకునేలా, దాని పద్ధతిలోనే రాసింది. కిల్డాల్ అభ్యంతరం చెప్తే, కేసు వెయ్యకుండా ఉంటే మీదీ అమ్ముతాం అంది ఐబీఎం. ఆయన ఒప్పుకున్నారు. అలా ఐబీఎం పీసీ కొనేవాళ్ళకి ఏ ఓఎస్ కావాలో ఎంచుకునే వీలొచ్చింది. కాకపోతే పీసీ-డాస్ 40 డాలర్లు, కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చిన సీపీ/ఎం-86 ధర 240. ఇక ఎవరు కొంటారు? అమీర్‌పేట్ నుంచి పంజాగుట్టకి పది రూపాయలు తక్కువ చెప్తే ఆటో మారిపోయేవాళ్ళం మనం.

తర్వాత ఆయనేం మూలన కూర్చోలేదు. 1983 నుంచి 1990 దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ ప్రోగ్రామ్‌లో వచ్చారు. యూట్యూబ్‌లో చూడండి, నెమ్మదిగా, ఎవర్నీ తక్కువ చెయ్యకుండా మాట్లాడతారు. పాఠం చెప్పడం ఇష్టమైన మనిషని తెలిసిపోతుంది. 1985లో ఎన్‌సైక్లోపీడియాని సీడీ మీదకి తెచ్చిన కంపెనీ కూడా ఆయన పెట్టినదే. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ని నోవెల్ కొంది. డబ్బుకి లోటు లేదు. కానీ ఎక్కడికెళ్ళినా ఆ విమానం కథే. 1992లో తను చదివిన యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగం 25 ఏళ్ళ పండగకి పిలిచింది. ముఖ్య వక్త బిల్ గేట్స్. అక్కడ పీహెచ్‌డీ చేసిన మనిషికి ప్రేక్షకుల్లో కుర్చీ. ఆ బాధతోనే తన కథ తను రాసుకోవడం మొదలుపెట్టారు.

1994 జూలై 8న మాంటెరీలో ఒక బార్‌లో పడి తలకి దెబ్బ తగిలింది. 11న పోయారు. 52 ఏళ్ళు.

ఆదివారం తెల్లవారుజామున రూమ్‌మేట్ లాప్‌టాప్‌లో కూడా రెండూ లేచాయి. గడియారం మాత్రం విండోస్‌లో ఐదున్నర గంటలు వెనక్కి చూపించింది, ఉబుంటు టైమ్‌ని గ్రీనిచ్ లెక్కలో రాసి పెడుతుంది కాబట్టి. ఒక్క కమాండ్‌తో సరి చేశాను. విండోస్‌లో డ్రైవ్‌లు ఎ, బి వదిలేసి సి నుంచి మొదలవడం చూసి వాడు ఎందుకలా అన్నాడు. ఎ, బి ఫ్లాపీలవి, ఆ అక్షరాల పద్ధతి డాస్‌కి సీపీ/ఎం నుంచే వచ్చింది. అది చెప్తూ మొదలుపెట్టి మొత్తం కథ చెప్పేశాను, విమానం సంగతి ఆఖర్న.

ఆయన రాసుకున్న పుస్తకంలో కొంత భాగాన్ని 2016లో కుటుంబం అనుమతితో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఆన్‌లైన్‌లో పెట్టింది. డౌన్‌లోడ్ చేశాను. ఉబుంటు వైపే ఉంది. సెమ్ పరీక్షలయ్యాక చదవాలి.