క్రీడాచార్యుడు ఏమస్ అలాంజో స్టాగ్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూజెర్సీయందలి వెస్టు ఆరెంజి యను నూర, పాదరక్షలు కుట్టి జీవించు నొక నిరుపేద యింట 1862వ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన స్టాగ్ జన్మించెను. ఎనమండుగురు సంతానములో నితడైదవవాడు. ఆ దినములలో యేల్ వంటి విశ్వవిద్యాలయములు ధనవంతుల బిడ్డలకు స్వస్థానములే గాని చెప్పులు కుట్టువాని కొడుకునకు సులభముగ నందునవి కావు. అయినను పట్టు విడువక చదివి, ఇరువది యేండ్లు దాటిన పిమ్మట నితడందు ప్రవేశించెను. మతబోధకుడు కావలెనన్నది యాతని సంకల్పము.

యేలులో నితని పేరు మొదట మ్రోగినది బేస్‌బాల్ క్రీడయందు. బంతి విసరుటలో నేర్పరియై కళాశాలకు పలు విజయములు తెచ్చెను. జీతమిచ్చి యాడించు జట్లవారు పిలిచిరి, ఇతడు పోలేదు. చేత చిల్లిగవ్వ లేని విద్యార్థి యట్టి పిలుపును త్రోసిపుచ్చుట సామాన్యము గాదు. పిమ్మట ఫుట్‌బాలునందు సైతము ప్రసిద్ధుడై, 1889లో దేశమంతటి కళాశాలలనుండి యెన్నిన మొదటి యుత్తమ జట్టులో స్థానము పొందెను. ఇంతలో వేదిక నెక్కి జనులను మెప్పించు వాక్శక్తి తనకు లేదని గ్రహించి బోధకవృత్తిపై యాశ విడిచెను. ఆ వైఫల్యమే యాతని బ్రతుకును మలుపు త్రిప్పినది.

చదువరులిచట నొక విషయము గమనింపవలెను. అమెరికా కళాశాలలలో ఫుట్‌బాల్ అనబడు క్రీడ మన బాలురు కాలితో బంతిని తన్ను నాట గాదు. ఆ బంతి కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. పదునొకండుగురు చొప్పున నిరుపక్షములవారును నిలువగా, ఒకరు బంతిని చేతబట్టి ఎదుటివారి హద్దు దాటింప యత్నింతురు. ఎదుటివారు పైబడి పట్టి పడద్రోయుదురు. చెడుగుడు ఎరిగినవారికి దాని పట్టుదల కొంత బోధపడును.

1890లో స్టాగ్ స్ప్రింగుఫీల్డు నగరమందలి క్రైస్తవ యువజన సంఘ శిక్షణశాలకు చేరెను. అచ్చటనే జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్ క్రీడను కల్పించెను. 1892 మార్చి 11న జనులయెదుట జరిగిన యా క్రొత్త యాటలో ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒకటికి అయిదుగ నోడిపోయిరి. ఉపాధ్యాయపక్షమునకు దక్కిన యా యొక్కటియు స్టాగ్ వేసినదే.

ఆ యేడే షికాగో విశ్వవిద్యాలయము తెరువబడెను. దాని యధ్యక్షుడగు విలియం రెయినీ హార్పరు యేలులో స్టాగునకు గురువు. ఆయన శిష్యుని పిలిచి వ్యాయామశాఖకు అధిపతిని జేసి, తక్కిన పండితులతో సమానముగ ఆచార్యపదవిని, స్థిరోద్యోగమును ఇచ్చెను. ఆటలు నేర్పువానికి అట్టి గౌరవము లభించుట అపూర్వము. మొదటి యేట ఆటగాండ్రు చాలకపోగా స్టాగ్ తానే దుస్తులు ధరించి జట్టులో నిలిచెను! 1894లో స్టెల్లా రాబర్ట్సన్‌ను వివాహమాడి, ఆ శీతకాలముననే ఆమెతోను జట్టుతోను రైలుపై కాలిఫోర్నియాకు పోయెను. ఆ సాధ్వి నాటినుండి ప్రత్యర్థుల యెత్తుగడలను కాగితములపై గుర్తించి భర్తకు తోడ్పడుచు వచ్చెను. ఆయన కీర్తిలో నామె పాలు కొంత యని నా తలంపు.

షికాగోలో నలువదియొక్క సంవత్సరములు, అనగా 1932వరకు, ఆయన క్రీడాశాఖను నడిపెను. పశ్చిమప్రాంత విశ్వవిద్యాలయముల క్రీడాసమాఖ్య 1896లో నేర్పడగా దానిలో షికాగో మొదటినుండియు సభ్యురాలు. ఆ సమాఖ్య ఛాంపియన్ పదవి ఏడుమార్లు స్టాగ్ జట్టునకు దక్కెను. 1905 నవంబరు 30న, ఏబదియారు ఆటలుగ నోటమి యెరుగని మిషిగన్ జట్టును రెండు సున్నలతో నోడించుట అన్నిటికిని మకుటము. ఆయన మద్యమును పొగాకును ముట్టడు; బూతుమాట నోట రానీయడు. ఆటగాడు తప్పు చేసిన గాడిద యనును. కోపము మిక్కుటమైనచో రెండింతల గాడిద యనును. అంతకు మించిన తిట్టు లేదు.

అయితే యశస్సుతోపాటు నిందయు వచ్చినది. 1905లో ఆటగాండ్రు పలువురు గాయములపాలై మరణింపగా దేశాధ్యక్షుడు రూజ్వెల్టు స్వయముగ జోక్యము కలిగించుకొనెను. ఆ యేడే పత్రికలు కళాశాలలు ఆటగాండ్రను కొనితెచ్చుచున్నవని వ్రాసినప్పుడు షికాగో పేరును వినబడెను. స్వయముగ ధనమును తిరస్కరించిన మహనీయుని శాఖపై నిట్టి మచ్చ పడుట విచారకరమే గాని, దాచవలసిన పని లేదు. టిక్కెట్ల సొమ్ము పెరిగిన కొలది గెలుపుపై నాశయు పెరుగును. దానికాయన యతీతుడు కాడయ్యెను. నియమముల నిర్ణయసంఘమున సభ్యుడై, 1906లో బంతిని ముందునకు విసరుట మున్నగు మార్పులలో పాల్గొనుటయు మరువరాదు.

1932లో ఆయనకు డెబ్బదియేండ్లు నిండెను. ఆ వయస్సున ఉద్యోగులు విరమింపవలెనన్నది విశ్వవిద్యాలయ నియమము. యువకుడైన యధ్యక్షుడు రాబర్టు హచిన్సు దానిని సడలింపలేదు. శిక్షణతో సంబంధములేని వేరొక పదవి చూపిరి, స్టాగ్ ఒల్లలేదు. తాను మొదటి రాయి నుండి నిలిపిన శాఖను విడిచి, మరుసటి యేట కాలిఫోర్నియాలో స్టాక్టన్ నగరమందలి పసిఫిక్ కళాశాల యను చిన్న విద్యాలయమునకు పోయెను. డెబ్బదియొకటవ యేట క్రొత్త యూరు, క్రొత్త పిల్లలు! 1938 నవంబరులో నా చిన్న జట్టును వెంటబెట్టుకొని షికాగోకు వచ్చి, తన పేరు మోయు మైదానమునందే పూర్వపు విద్యాలయమును ముప్పదిరెండు సున్నలతో నోడించెను. మరుసటి యేడు డిశంబరులో షికాగో ఫుట్‌బాలునే మానివైచెను. 1943లో, ఎనుబదియొక యేండ్ల ప్రాయమున, తోడి శిక్షకులు ఆయనను ఆ యేటి మేటిగ నెన్నిరి.

1946లో పసిఫిక్ కళాశాలను విడిచి, 1947 నుండి 1952 వరకు పెన్సిల్వేనియాలో కుమారునితో కలిసి సస్క్విహానా విశ్వవిద్యాలయ జట్టునకు శిక్షణ నిచ్చెను. తిరిగి స్టాక్టన్ చేరి, తొంబదియైదేండ్లు దాటువరకు స్థానిక కళాశాల బాలురకు బంతి తన్నుట నేర్పెను. 1951లో ఆటగాడుగను శిక్షకుడుగను రెండు విధముల ఫుట్‌బాల్ కీర్తిమందిరమున నాయన పేరు చేర్చబడెను. 1964లో భార్య గతించెను. 1965 మార్చి 17న నూటరెండవ యేట ఆయనయు పరమపదించెను.

ఆయన పేర వెలసిన షికాగో మైదానపు పడమటి మెట్లక్రింద 1942 డిశంబరు 2న ఎన్రికో ఫెర్మి ప్రభృతులు పరమాణువిచ్ఛేదపు శృంఖలాక్రియను ప్రపంచమున మొదటిసారి నడిపిరి. ఆటగాండ్రు విడిచిన చోట శాస్త్రజ్ఞులు రహస్యముగ పనిచేసిరి. తరువాత నా మెట్లు కూల్చబడినవి. ఆ నేలపై 1970లో తెరువబడిన పెద్ద గ్రంథాలయమున నేడు విద్యార్థులు చదువుకొనుచున్నారు.